ఇంటి పూల్లో ఊరి పిల్లలకి ఈత నేర్పనివ్వొచ్చా? సామర్లకోట నుంచి వచ్చిన ప్రశ్న

ఈసారి ఎపిసోడ్ రూములో లైట్లు పెట్టుకుని కాదండి, సామర్లకోటలో కాలవ గట్టు మీద చెట్టు కింద కూర్చుని చేస్తున్నాను. గాలి చప్పుడు, మధ్యలో రైలు హారన్ వినబడతాయి, సర్దుకోండి. జంక్షన్ ఊరు కదా, తప్పదు.

నా వెనకాల చూడండి. ఇది కాలవే. నీళ్ళు అడుగంటిపోయి బురద, పాత చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు కనబడుతున్నాయి. రబీ పంట అయిపోయాక ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్లో వదులుతారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కానీ ఇవాళ మన టాపిక్ మొత్తానికి ఇదే మొదలు. పిల్లలకి సెలవులు ఎప్పుడో, కాలవలో నీళ్ళు లేనిది కూడా సరిగ్గా అప్పుడే.

ఇక ప్రశ్నకి వస్తాను. పెద్దాపురం రోడ్డు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన మెసేజ్ పెట్టారు. పేరు చెప్పొద్దన్నారు. పెరట్లో చిన్న పూల్ కట్టించుకున్నారట. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. గృహప్రవేశం నాటి నుంచీ వీధిలో పిల్లలందరూ గోడ మీద నుంచి తొంగి చూడటమే. ఇప్పుడు తెలిసిన ఈత మాస్టారు ఒకరు వచ్చి, "పొద్దున్న రెండు గంటలు పూల్ నాకు ఇవ్వండి సార్, వేసవికి బ్యాచ్ పెడతాను, ఫీజులో మీకూ వాటా ఇస్తాను" అన్నారట. ఈయనకి ఇష్టమే. ఆవిడకి భయం. పక్కింటాయన మాత్రం ఇప్పటికే గొడవ మొదలెట్టారు. "ఏవండీ, ఒప్పుకోమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను, మీరు స్పీడు పెంచి చివరికి వెళ్ళిపోకుండా. ఒప్పుకోవాలి. కానీ ఒప్పుకున్న రోజు నుంచీ అది ఇంటి పూల్ కాదు అనుకుని ఒప్పుకోవాలి. ఎందుకో చెప్తాను.

మా తాతయ్య వాళ్ళ కాలంలో ఈత నేర్చుకోవడానికి ఎవరూ ఫీజు కట్టలేదండి. రెండు ఎండు కొబ్బరికాయలు పీచుతో జత కట్టి చంకల కిందకి పెట్టేవారు. లేదంటే సొరబుర్ర, అదీ లేకపోతే అరటి బోదె. నాలుగు రోజులు అలా తేలాక అయిదో రోజు బాబాయో మావయ్యో వెనక నుంచి ఆ కొబ్బరికాయలు లాగేసేవారు. నీళ్ళు మింగి, ఏడ్చి, తిట్టి, మొత్తానికి ఒడ్డుకి వచ్చేవాళ్ళు. అదే సర్టిఫికెట్. తర్వాత వంతెన మీద నుంచి దూకడం డిగ్రీ.

ఇప్పుడు ఆ కథలు అందరం చెప్పుకుంటాం గానీ ఒకటి మర్చిపోతాం. ఆ పద్ధతిలో బతికినవాళ్ళే వచ్చి కథ చెప్తారు. మునిగిపోయినవాళ్ళు చెప్పరు కదా. ఇంకొకటి, ఆ కథల్లో అందరూ మగపిల్లలే. మా అమ్మమ్మ పుట్టిందీ పెరిగిందీ కాలవ పక్కనే. రోజూ రేవులో బట్టలు ఉతికింది, బిందెలతో నీళ్ళు మోసింది. ఈత మాత్రం రాదు. మా అమ్మకీ రాదు. రేవులో మోకాలి లోతు దాటి ఆడపిల్లని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. అంటే నీళ్ళతో ఎక్కువ పని ఉన్నవాళ్ళకే ఈత నేర్పలేదన్నమాట.

ఇప్పుడు మగపిల్లలకీ రావడం లేదు. కాలవలో ఏం కలుస్తోందో అందరికీ తెలుసు కాబట్టి తల్లిదండ్రులు దిగనివ్వరు, అందులో తప్పు లేదు. ఫలితం ఏమిటంటే, 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ ప్రాంతమంతా కాలవల మయం అయింది, ఏ ఊరు వెళ్ళాలన్నా గట్టు పక్కనే బండి నడుపుతాం, అయినా ఇరవై ఏళ్ళ కుర్రోడికి పది అడుగులు ఈదడం రాదు. కానీ గట్టు చివర నిలబడి రీల్ మాత్రం తీస్తాడు.

అంకెలు రెండే చెప్తాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు 38 వేలకి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్లో ఇచ్చిన రిపోర్టు చూస్తే 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది, అందులో దాదాపు సగం 30 ఏళ్ళు నిండనివాళ్ళు. అంటే ఈ వీడియో చూస్తున్న మీ వయసు వాళ్ళూ, మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ.

మరి నేర్పితే నిజంగా తేడా వస్తుందా? వస్తుంది. మనలాంటి డెల్టా దేశమే బంగ్లాదేశ్. ఇంటింటికీ చెరువు ఉంటుంది అక్కడ. స్విమ్‌సేఫ్ అని ఒక కార్యక్రమం పెట్టి, ఊరి చెరువుల్లోనే వెదురు బొంగులతో చిన్న అరుగు లాంటిది కట్టి, 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి నేర్పారు. ఒలింపిక్స్ ఈత కాదండి. 25 మీటర్లు ఎలాగోలా ఈదగలగాలి, 30 సెకన్లు తేలగలగాలి, మునుగుతున్నవాడికి ఒడ్డు నుంచి కర్ర అందించడం తెలియాలి, అంతే. అలా నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోయే ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గిందని 2012లో అధ్యయనం వచ్చింది. టైల్స్, నీలం రంగు, అండర్‌వాటర్ లైట్లు ఏవీ లేకుండానే.

కాబట్టి మన సామర్లకోట ఆయన పూల్ చిన్నదని బాధపడక్కర్లేదు. 24 అడుగులంటే 7 మీటర్ల పైచిలుకు. మూడున్నర సార్లు అటూ ఇటూ వెళ్తే 25 మీటర్లు. 4 అడుగుల లోతు అంటే కాస్త పొడవైన పిల్లాడు నిలబడితే తల పైకి ఉంటుంది. నేర్చుకోవడానికి ఇదే మంచిది. ఆరేళ్ళ బుడ్డోడికి మాత్రం అది నిలువు లోతే, అది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఇంటి పూల్ ఎప్పుడు ఇంటి పూల్ కాకుండా పోతుంది?

దీనికి ప్రపంచంలో ఒక్క సమాధానం లేదు. మన తెలుగువాళ్ళు బాగా ఉన్న రెండు చోట్లు చూద్దాం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం చట్టం ఏమంటుందంటే, ప్రైవేటు పూల్‌ని ఈత నేర్పడానికి వాడుకున్నా దాన్ని పబ్లిక్ పూల్‌లా నియంత్రించకూడదు. ఇంటింటికీ పూల్ ఉన్న రాష్ట్రం, చుట్టూ సముద్రం, పిల్లలకి ఈత రావడమే ముఖ్యం అని ఆ లెక్క. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం దీనికి పూర్తిగా రివర్స్. ఇంటి పూలే అయినా వ్యాపారానికి వాడితే, ఫీజు తీసుకుని ఈత నేర్పడం అందులోకే వస్తుంది, పబ్లిక్ పూల్ కిందే లెక్క. నీళ్ళ శుద్ధి నియమాలన్నీ పాటించాల్సిందే. రెండూ ఈత అంటే ప్రాణం పెట్టే చోట్లే. ఒకరు ఈత రాకపోవడమే ప్రమాదం అన్నారు, ఇంకొకరు నీళ్ళూ నిర్వహణా సరిగ్గా లేకపోవడం కూడా ప్రమాదమే అన్నారు. నన్నడిగితే ఇద్దరూ కరెక్టే.

మన దగ్గరకి వస్తే, సామర్లకోట మున్సిపాలిటీ. డబ్బు తీసుకుని బ్యాచ్‌లు పెడుతున్నారంటే అది వ్యాపారం. ట్రేడ్ లైసెన్స్ కావాలా, ఇంటి ప్లాన్‌లో పూల్ చూపించారా అనేది ముందు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, దరఖాస్తు రాసి ఇచ్చి, జవాబు కాగితం మీదే తీసుకోండి. "తెలిసినాయన పర్లేదన్నాడండి" అన్నది కాగితం కాదు.

అంతకంటే ముఖ్యమైంది, ఏదైనా జరిగితే ఎవరి మీదకి వస్తుంది అన్నది. నిర్లక్ష్యం వల్ల ఒకరి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత ఐపీసీలో రెండేళ్ళ వరకూ ఉన్న శిక్ష ఇప్పుడు అయిదేళ్ళ వరకూ. ఫీజు తీసుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అది సర్వీసు, లోపం ఉంటే నష్టపరిహారం అడగొచ్చు. ఉచితంగా నేర్పితే ఆ చట్టం వర్తించదు. అలాగని ఉచితంగా నేర్పేవాడు నిర్లక్ష్యంగా ఉండొచ్చని కాదు, క్రిమినల్ కేసుకి ఫీజుతో పని లేదు.

ఇంకా చాలామంది చేసే పని ఒకటుంది. "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం చూసి పోలీసులు వెనక్కి వెళ్ళిపోతారనుకోవద్దు. 1995 మేలో పఠాన్‌కోట్ దగ్గర ఒక స్కూలు పిల్లల్ని టీచర్లు పిక్నిక్‌కి బియాస్ నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. 14 మంది మునిగిపోయారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2001లో ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని కోర్టు సమర్థించింది, టీచర్ల నిర్లక్ష్యానికి స్కూలు బాధ్యత వహించాల్సిందే అంది. బియాస్ అనగానే మనకి 2014 గుర్తొస్తుంది, హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది. అది డ్యామ్ నుంచి నీళ్ళు వదలడం వల్ల, వేరే కథ. కానీ రెండింట్లోనూ కోర్టులు చూసింది ఒకటే, పిల్లల్ని నీళ్ళ దగ్గరకి తీసుకెళ్ళినవాళ్ళు, ఆ నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళు ఏం జాగ్రత్త తీసుకున్నారు అని. కాబట్టి "మాస్టారుది బాధ్యత, నాది పూల్ మాత్రమే" అన్న మాట మన సామర్లకోట ఆయన మర్చిపోవాలి.

(రైలు హారన్)

అదిగో, చెప్పాను కదా.

చట్టం సంగతి అలా ఉంచి నిజంగా ప్రాణం పోయేది ఎక్కడో చెప్తాను. ఇది మా ఇంట్లో జరిగింది. రెండేళ్ళ కిందట మా అక్క కొడుకుని ఒకరింటి పూల్లో ఈతకి చేర్పించాం. ఊరూ పేరూ అనవసరం. వాడికి ఏడేళ్ళు. నేను దింపి, గేటు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. పూల్లో తొమ్మిది మంది పిల్లలు, మాస్టారు ఒక్కరే, ఆయన కూడా గట్టు మీద నిలబడి ఎవరో పిల్లాడి తల్లికి పంపడానికి వీడియో తీస్తున్నారు. అంటే ఇద్దరు పెద్దవాళ్ళం, రెండు ఫోన్లు. తల ఎత్తేసరికి మావాడు మూలన నిలువుగా ఉన్నాడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందకీ. అరవట్లేదు, చెయ్యి ఊపట్లేదు. మొదట నేను ఆడుకుంటున్నాడేమో అనుకున్నాను. ఆ "ఏమో" దగ్గర ఎన్ని సెకన్లు పోయాయో నాకు ఇప్పటికీ తెలీదు. పక్కనున్న పదేళ్ళ పాప వాడి జుట్టు పట్టి లాగింది. పాప లాగింది, మేం కాదు. వాడు దగ్గి, కక్కి, బాగానే ఉన్నాడు. మా అక్కకి ఆ రోజు పూర్తిగా చెప్పలేదు. ఈ వీడియో చూస్తే తెలుస్తుంది.

మునిగిపోవడం సినిమాలో చూపించినట్టు ఉండదండి. సినిమాలో "కాపాడండి" అని అరుస్తారు, చేతులు కొట్టుకుంటారు. నిజంగా మునుగుతున్న మనిషికి ఊపిరి పీల్చుకోవడానికే టైము చాలదు, ఇక అరవడం ఎక్కడ? చేతులు పక్కలకి చాచి నీటిని కిందకి నొక్కుతూ ఉంటారు, పైకెత్తి ఊపలేరు. ఫ్రాన్సెస్కో పియా అని అమెరికాలో లైఫ్‌గార్డ్ ఒకాయన ఇలాంటి ఘటనలు ఎన్నో గమనించి చెప్పిందేమిటంటే, పూర్తిగా మునిగేలోపు అలా పెనుగులాడేది 20 నుంచి 60 సెకన్లే. ఒక రీల్ నిడివి.

అందుకే నా షరతుల్లో మొదటిది ఫోన్. క్లాసు జరిగే గంటసేపు మాస్టారిదీ, ఓనరుదీ, కాపలా ఉన్నవాళ్ళదీ ఫోన్లు ఒక బుట్టలో. ఒక్క ఫోన్ మాత్రం గోడకి, 108కి చెయ్యడానికి. నీళ్ళలో దిగి నేర్పే మనిషి ఒకరు, గట్టు మీద నిలబడి నీళ్ళనే చూసే మనిషి ఇంకొకరు. ఆ రెండో మనిషికి కబుర్లు, కాఫీ, తువ్వాళ్ళు అందించడం లాంటి వేరే పని ఉండకూడదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు మాస్టారికి నలుగురు, మహా అయితే అయిదుగురు. 24 అడుగుల పూల్లో పదిహేను మందిని దింపితే అది ఈత కాదు, పుష్కరాల రేవు.

రెండోది గేటు. అసలు ప్రమాదం చాలాసార్లు క్లాసు అయ్యాక ఉంటుంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు, పొద్దున్న అన్నయ్యతో వచ్చి పూల్ చూసిన నాలుగేళ్ళ చెల్లికి దారి తెలుసు. పూల్ చుట్టూ నాలుగు వైపులా కనీసం 4 అడుగుల ఎత్తు కంచె, దానంతటదే మూసుకునే గేటు, గడియ పిల్లలకి అందని ఎత్తులో. ఇంటి గోడని ఒక వైపు కంచెగా లెక్కేసుకోవద్దు, వంటింటి తలుపు తెరిస్తే పూల్లోకే కదా మరి. మోచేతులకి పెట్టే గాలి బెలూన్లు బొమ్మలు మాత్రమే, వాటిని నమ్మి కళ్ళు తిప్పొద్దు.

నీళ్ళ సంగతి, కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. అడుగున పడిన రూపాయి బిళ్ళ గట్టు మీద నుంచి కనబడాలి, కనబడకపోతే ఆ రోజు క్లాసు లేదు. క్లోరిన్, పీహెచ్ చూసే చిన్న కిట్ దొరుకుతుంది, రోజూ పొద్దున్నే చూసి పుస్తకంలో రాయండి. 2024లో కేరళలో మెదడుకి సోకే అమీబా వల్ల పిల్లలు చనిపోవడం వార్తల్లో చూసే ఉంటారు, శుద్ధి చేయని వెచ్చటి నిలవ నీళ్ళలో ఉంటుంది అది. బ్లీచింగ్ పౌడర్నీ యాసిడ్నీ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. మోటారుకీ లైట్లకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టెస్ట్ బటన్ నొక్కించి చూసుకోండి. అడుగున నీళ్ళు లాగే రంధ్రానికి మూత సరిగ్గా ఉందా? అమెరికాలో 2002లో ఏడేళ్ళ పాప ఒక హాట్ టబ్‌లో ఆ లాగుడుకి అంటుకుపోయి చనిపోయింది. మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. పక్కనే తల్లి ఉండి లాగినా రాలేదు. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ చట్టం వచ్చింది. మూత విరిగిన పూల్లో పిల్లల్ని దింపకూడదు.

ఇప్పుడు పక్కింటాయన. మనం ఆయన్ని విలన్ చేసేస్తాం గానీ ఆయన అడిగినవి సరైన ప్రశ్నలే. 24, 12, 4 గుణిస్తే 1152 ఘనపుటడుగులు, అంటే దాదాపు 33 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరున్నర. మే నెలలో ఆయన బోరు తగ్గితే కడుపు మండదూ? ఫిల్టర్ సరిగ్గా నడిపితే ఆ నీళ్ళే సీజనంతా వాడుకోవచ్చు, ఆవిరైపోయినంత మాత్రం పోసుకుంటే చాలు. అది ఆయనకి చూపించండి. క్లోరిన్ నీళ్ళు ఆయన కొబ్బరి మొక్కల వైపు వదలకండి. పొద్దున్న ఆరింటికి వీధిలో పది బండ్లు, హారన్లు అంటే ఎవరికైనా చిరాకే. బండ్లు ఎక్కడ పెట్టాలో ముందే చెప్పండి. ఇంకొక మాట, ఆయన మనవళ్ళని మొదటి బ్యాచ్‌లో అడగండి. లంచం కాదండి, మర్యాద.

ఇంతకీ నేను ఒప్పుకోమని ఎందుకంటున్నానో అసలు కారణం ఇప్పుడు చెప్తాను. ఆడపిల్లలు.

కాలవ వాళ్ళది కాలేదు. కాకినాడ దాకా వెళ్ళి నేర్చుకోవాలంటే రానూపోనూ టైము, ఖర్చు, "ఎవరు తోడు వెళ్తారు", "అక్కడ అందరూ చూస్తారు", ఇన్ని మాటలు. చుట్టూ గోడ ఉన్న పెరడు, తెలిసిన ఇల్లు, నేర్పేది ఆడమనిషి అయితే పదమూడేళ్ళ పిల్లని కూడా పంపుతారు. ముప్పై అయిదేళ్ళ తల్లి కూడా వస్తుంది. ఇంటి పూల్‌కి ఉన్న ఒకే ఒక్క గొప్పతనం ఆ గోడ. దాన్ని వాడుకోకపోతే ఎలా? అందుకే ఆడపిల్లలకి విడిగా బ్యాచ్, ఆ సమయంలో మగవాళ్ళు పెరట్లోకి రాకుండా, పూల్ మీదకి సీసీ కెమెరా ఫుటేజీ ఎవరి ఫోన్లోకీ వెళ్ళకుండా. పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం అసలు వద్దు. నేర్పే మనిషి ఎవరు, ఇంతకుముందు ఎక్కడ నేర్పారు అని అక్కడికి ఫోన్ చేసి కనుక్కోండి. ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ మాస్టారు ఒంటరిగా ఉండే పరిస్థితే రాకూడదు. పోక్సో చట్టం గురించి మీకు తెలుసు, విడిగా చెప్పను.

ఏం నేర్పాలి అన్నది కూడా ఓనరు అడగాలి. ఫ్రీ స్టైల్, బటర్‌ఫ్లై తర్వాత. ముందు వెల్లకిలా తేలడం. నీళ్ళలో పడితే మొహం పైకి పెట్టి ఊపిరి తీసుకుంటూ ఉండటం. తర్వాత గట్టు పట్టుకుని పైకెక్కడం. చివరి వారంలో ఒకరోజు బట్టలతో దింపండి, చుడీదార్‌తో, జీన్స్‌తో. కాలవలో ఎవరూ స్విమ్ సూట్‌తో పడరు కదా. తడిసిన బట్ట ఎంత లాగుతుందో పిల్లలకి ఒక్కసారి తెలియాలి.

ఇంకా పిల్లలకి గట్టిగా చెప్పాల్సింది, పూల్ వేరు, కాలవ వేరు. పూల్లో నీళ్ళు కదలవు, అడుగు కనబడుతుంది, నాలుగు వైపులా గట్టు ఉంది. కాలవ జూన్లో వదిలాక చూడండి, పైకి మెల్లగా ఉన్నట్టుంటుంది గానీ లాగేస్తుంది. సిమెంట్ లైనింగ్ ఉన్న చోట నాచు పట్టి ఉంటే పెద్దవాళ్ళు కూడా పైకెక్కలేరు. లాకుల దగ్గర, తూముల దగ్గర కిందకి లాగే సుడి ఉంటుంది. పూల్లో నాలుగు రౌండ్లు కొట్టిన పిల్లాడు "నాకు వచ్చు" అని ఫ్రెండ్స్ ముందు దూకితే మనం నేర్పిన ఈతే వాడిని చంపుతుంది. ఈ మాట మెత్తగా చెప్పలేను.

ఫ్రెండ్ మునుగుతుంటే దూకొద్దు. మన వార్తల్లో "ఒకరిని కాపాడబోయి మరో ఇద్దరు" అన్న లైను ఎన్నిసార్లు చదివాం? తాడు, చున్నీ, లుంగీ, కర్ర, ఖాళీ వాటర్ క్యాన్, ఏది దొరికితే అది విసరండి, పొట్ట మీద పడుకుని అందించండి, అరవండి. ఇది పూల్లోనే ఆటలా నేర్పొచ్చు.

బయటికి తీశాక ఏం చెయ్యాలి? మన దగ్గర ఇంకా కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు, పొట్ట మీద నొక్కి నీళ్ళు కక్కిస్తారు. దయచేసి చెయ్యొద్దు, టైము పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. నీళ్ళలో మునిగిన మనిషికి కావాల్సింది మొదట గాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్ళీ 30, మళ్ళీ 2, అంబులెన్స్ వచ్చేదాకా. నొక్కులు నిమిషానికి 100 నుంచి 120 వేగంలో. ఇంకొకరు అప్పటికే 108కి చేసి ఉండాలి. బాగానే లేచి కూర్చున్నా, దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇది వీడియో చూసి రాదు, ఒక్క పూట ట్రైనింగ్ తీసుకోండి. ఓనరూ, మాస్టారూ, గట్టు మీద మనిషీ, ముగ్గురూ.

ఇదంతా ఆయనకి ఫోన్లో గంటసేపు చెప్పాను. "అయితే వాటా డబ్బులు కంచెకే పోతాయండి" అన్నారు. అవునండి, మొదటి వేసవి లాభం గేటే అన్నాను.

నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టారు. మున్సిపల్ ఆఫీసులో కాగితం ఇచ్చారట, జవాబు రావాలి. వెల్డింగ్ ఆయన కంచెకి కొలతలు తీసుకెళ్ళాడు. మాస్టారు పన్నెండు మంది కావాలన్నారు, ఈయన అయిదుగురే అన్నారు, ఇంకా బేరం నడుస్తోంది. మధ్యాహ్నం బ్యాచ్‌కి ఒక పీఈటీ మేడమ్‌ని మాట్లాడుతున్నారట, ఆడవాళ్ళకి. అందులో మొదటి పేరు వాళ్ళావిడదే. "గేటు పెట్టాకే దిగుతాను" అందట.

సరే అండి, ఎండ ఎక్కింది, లేస్తాను. వచ్చే ఆదివారం కలుద్దాం.